చిప్ప మీద వెన్న: న్యూ ఓర్లీన్స్‌లో ఒక క్రొయేషియా కుటుంబం ఆయిస్టర్ హోటల్ కేస్ స్టడీ

అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో డ్రాగోస్ హోటల్‌కు పేరు తెచ్చిన వంటకంలో దాచిపెట్టే రహస్యమేమీ లేదు. వెన్న, వెల్లుల్లి, మిరియాల పొడి, ఎండబెట్టిన ఆకులు, రెండు రకాల చీజ్, పైన కాస్త పార్స్‌లీ. కొలతలతో సహా ఎన్నోసార్లు అచ్చయింది. ఆ ఊరున్న లూసియానా రాష్ట్రంలో ఇప్పుడు ఎక్కడ ఆగినా చార్‌బ్రాయిల్డ్ ఆయిస్టర్లు, అంటే చిప్పలోనే నేరుగా మంట మీద కాల్చినవి, దొరుకుతాయి. అందరి చేతికీ దొరికిన వంటకంతో ఒకే కుటుంబం యాభై ఏళ్లు దాటి వ్యాపారం ఎలా నిలబెట్టుకుంది అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. జవాబు వంటింట్లో సగమే ఉంది. మిగతా సగం మిసిసిపి నది సముద్రంలో కలిసే చోట, మోకాలి లోతు నుంచి నిలువు లోతు వరకు ఉండే ఉప్పునీటి అడుగున ఉంది.

ముందుగా సరుకు గురించి. ఆయిస్టర్ మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. కాకినాడ అఖాతంలో, భీమిలి దగ్గర రాళ్లకు అంటుకుని పెరిగే ఆల్చిప్పలు దీని దాయాదులే. మనం వాటిని హోటల్ మెనూలోకి పెద్దగా తేలేదు. లూసియానాలో దొరికేది క్రాసోస్ట్రియా వర్జినికా అనే జాతి. అమెరికా ఈశాన్య తీరపు చల్లని నీళ్లలో అమ్మకం సైజుకు రావడానికి దీనికి మూడు నాలుగేళ్లు పడుతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో వెచ్చదనంలో ఏడాదిన్నర, రెండేళ్లు చాలు. ప్రభుత్వ జలాల్లో అమ్మకానికి పట్టేది మూడు అంగుళాలకు తగ్గకూడదని చట్టం. రొయ్యల చెరువు చేసినవాళ్లకు ఇక్కడి లెక్క ఇట్టే అర్థమవుతుంది: అంతా సెలైనిటీ, అంటే నీటి ఉప్పదనం మీదే ఆధారం. అది 5 నుంచి 15 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు) మధ్య ఉంటే పంట బాగుంటుంది. 15 దాటి అలాగే ఉండిపోతే చిప్పకు చిల్లు పెట్టి తినే నత్తలు, డెర్మో అనే పరాన్నజీవి జబ్బు విజృంభిస్తాయి. 5 కంటే పడిపోతే ఆయిస్టర్ చిప్ప బిగించుకుని కూర్చుంటుంది. చలికాలమైతే అలా వారాల తరబడి ఓర్చుకుంటుంది. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కి ఉంటాయి, లోపల ప్రాణం నడవడానికి కావలసిన శక్తి ఎక్కువ, తిండి, గాలి లేక కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, ముందు ముందు చెప్పబోయే 2010, 2019 నష్టాలు ఎందుకు వచ్చాయో ఇట్టే తెలిసిపోతుంది.

డాల్మేషియా నుంచి డెల్టాకు

ఏడ్రియాటిక్ సముద్రపు డాల్మేషియా తీరం నుంచి క్రొయేషియన్లు లూసియానాకు 19వ శతాబ్దం నుంచే వలస వస్తున్నారు. న్యూ ఓర్లీన్స్‌లో వాళ్లు పెట్టుకున్న యునైటెడ్ స్లవోనియన్ బెనివొలెంట్ అసోసియేషన్ 1874 నాటిది. ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరు వచ్చారు: అన్న తమ్ముడిని, మేనమామ మేనల్లుడిని పిలిపించుకున్నారు. నగరానికి దిగువన, నది పొడవునా సాగే ప్లాక్‌మిన్స్ పారిష్‌లో స్థిరపడ్డారు. పారిష్ అంటే అక్కడ జిల్లా. సొంత ఊళ్లలో, ముఖ్యంగా డుబ్రోవ్నిక్ దగ్గరి స్టోన్ ప్రాంతంలో, ఆయిస్టర్ సాగు తరతరాలుగా ఉంది. దొరికింది ఏరుకుని అమ్మడంతో ఆగకుండా వాళ్లు ఇక్కడా సాగే మొదలుపెట్టారు. నదికి తూర్పున ప్రభుత్వ జలాల్లో చిన్న ఆయిస్టర్లను, అంటే సీడ్‌ను, పడవకెత్తి పడమటి వైపు తమ లీజు నీళ్లలో చల్లారు. నారుమడిలోంచి పీకి పొలంలో నాటినట్టే. సెలైనిటీ సరిపోయే చోట కొన్ని నెలలుంటే కండ నిండుతుంది, రుచి వస్తుంది. ఎక్కడ అడుగు గట్టిగా ఉంది, ఎక్కడ బురదలో కూరుకుపోతుంది, ఏ నెలలో ఎక్కడికి మార్చాలి అన్నది తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య.

డ్రాగో స్వితనోవిచ్ ఆ తీరంలోని ఇగ్రానే అనే పల్లెలో 1922లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత దేశం వదిలి కెనడా చేరారు. భార్య క్లారాది డుబ్రోవ్నిక్. ఇద్దరూ 1961లో న్యూ ఓర్లీన్స్‌లో కాపురం పెట్టారు. అక్కడ ఆయన సోదరి, బావగారు అప్పటికే లేక్‌వ్యూ పేటలో ఒక హోటల్ నడుపుతున్నారు. బావగారి పేరు కూడా డ్రాగోయే, హోటల్ పేరూ అదే. ఈ దంపతులు కొన్నేళ్లు అక్కడే పనిచేసి, 1969లో నగరాన్ని ఆనుకున్న మెటైరీలో, ఫ్యాట్ సిటీ అని పిలిచే చోట, సొంత హోటల్ తెరిచారు.

హోటల్ లైన్‌లో కొత్తగా దిగేవాళ్లు ఆ మధ్య కాలాన్ని గమనించాలి. వేరే యజమాని దగ్గర చేసిన ఆ ఏళ్లలో కౌంటర్ పని, కొనుగోలు, లెక్క, ఊరి నాలుక ఎలాంటిది అన్నవి చేతికొచ్చాయి. వాటికి మించి, డెల్టాలో ఆయిస్టర్లు పట్టే సొంత ఊరివాళ్లతో పరిచయాలు గట్టిపడ్డాయి. సరుకు అమ్మేవాళ్లది, కొనేవాళ్లది ఒకే భాష, ఒకే తీరం, ఒకే చర్చి. మధ్య దళారీ దగ్గర కొనే హోటల్‌కు రోజూ ఏదో ఒక గోనె వస్తుంది. పడవవాడితో నేరుగా మాట్లాడగలిగే హోటల్‌కు తనకు కావలసిన గోనె వస్తుంది. వాన పడి నీళ్లు పలచబడిన వారంలో ‘ఇవాళ ఆ బే (అఖాతం) సరుకు వద్దు, కింది వైపుది పంపు’ అని చెప్పగల సంబంధం డబ్బుతో రాదు.

పచ్చి ఆయిస్టర్‌తో వచ్చిన చిక్కు

ఆయిస్టర్ బార్ అంటే న్యూ ఓర్లీన్స్‌లో నిలబడి పచ్చివి తినడం. చిప్ప విప్పిన చెయ్యి పక్కనే తినే చెయ్యి. 1990ల మొదట్లో ఆ అలవాటుకే దెబ్బ తగిలింది. విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా గురించి హెచ్చరికలు, వార్తలు పెరిగాయి. మన రొయ్యల రైతులకు విబ్రియో పేరు చెరువు జబ్బుగా తెలుసు. అదే కుటుంబంలోది ఇది, మనిషికి ప్రమాదం. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే చురుగ్గా పెరుగుతుంది. ఆయిస్టర్ వాసన మారదు, రంగు మారదు. నిమ్మకాయ పిండినా, కారపు సాస్ పోసినా, పక్కన మందు తాగినా చావదు. ఆరోగ్యవంతులకు చాలావరకు ఏమీ కాదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు రక్తంలోకి ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. సరిగ్గా ఉడికిస్తే మాత్రం చచ్చిపోతుంది.

ఇలాంటప్పుడు హోటల్‌వాళ్లు మామూలుగా చేసేది ఆ ఐటం తగ్గించుకోవడమే. డ్రాగో కొడుకు టామీ స్వితనోవిచ్ వేరే దారి చూశారు. చేతిలో మంచి సరుకు ఉంది, విప్పేవాళ్లు ఉన్నారు, గ్రిల్ ఉంది. అప్పటికే అదే వంటింట్లో డ్రమ్ అనే చేపకు వెన్న, వెల్లుల్లి, ఆకులు కలిపిన సాస్ వాడుతున్నారు. 1993లో ఆ సాస్‌నే చిప్పలో ఉన్న ఆయిస్టర్ మీద పోసి గ్రిల్ మీద పెట్టారు. కొత్త సరుకు కొనలేదు, కొత్త యంత్రం కొనలేదు, కొత్త మనిషిని పెట్టలేదు. ఉన్నవాటినే కలిపారు. పచ్చిది తినడానికి జంకే మనిషికి ఉడికింది దొరికింది. ఆయిస్టర్ జన్మలో ముట్టని వాళ్లు కూడా రొట్టె ముక్క ఆ వెన్నలో ముంచుకుని మొదలుపెట్టారు. అలా కొనేవాళ్ల సంఖ్య పెరగడమే పెద్ద లాభం. పచ్చివాటికి అలవాటైనవాళ్లు ఎలాగూ వస్తారు.

గ్రిల్ దగ్గర

అచ్చయిన ఇంటి కొలత ఇది: పద్దెనిమిది పెద్ద ఆయిస్టర్లకు 225 గ్రాముల మెత్తబడిన వెన్న, రెండు టేబుల్ స్పూన్ల సన్నగా తరిగిన వెల్లుల్లి, ఒక టీస్పూన్ మిరియాల పొడి, చిటికెడు ఎండు ఒరెగానో, తురిమిన పార్మజాన్, రొమానో చీజ్‌లు కలిపి పావు కప్పు, రెండు టీస్పూన్ల పార్స్‌లీ. అంటే ఒక్కోదానికి సుమారు పన్నెండున్నర గ్రాముల వెన్న. ఇది చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. గంటకు ఇరవై డజన్లు వెళ్లే హోటల్‌లో అది మూడు కిలోల వెన్న. ఆయిస్టర్ ధర మీదే చూపు పెట్టి వెన్న ధర మరిచిపోయిన మెనూలు నష్టపోయేది ఇక్కడే.

విప్పడం మొదటి మెట్టు. గోనె 45 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, బరువులో అధిక భాగం చిప్పదే. ముందు బురద పోయేలా పారే నీళ్లలో బ్రష్‌తో రుద్దాలి. మంచినీళ్లలో నానబెట్టకూడదు, చస్తాయి. నోరు తెరిచి ఉన్నదాన్ని తట్టాలి. మూసుకుంటే బతికి ఉన్నట్టు, మూసుకోకపోతే పారేయాలి. కత్తి మొన కీలు దగ్గర పెట్టి, మణికట్టు తిప్పితే చిప్ప వదులవుతుంది. పై చిప్ప లోపలి గోడకు ఆనించి కత్తి లాగి కండరం కోయాలి. ఆయిస్టర్ లోతు చిప్పలోనే ఉండాలి, బల్లపరుపుగా ఉండే రెండో చిప్ప పనికిరాదు. వెన్న నిలవదు, నిప్పులో పడుతుంది. ఇప్పుడు కింది కండరం కూడా కోసి ఆయిస్టర్‌ను వదులు చేయాలి. హడావిడిలో కొత్తవాళ్లు ఈ రెండో కోత మరిచిపోతారు. అప్పుడు తినేవాళ్లు ఫోర్కుతో లాగితే సగం చిప్పకే అతుక్కుని ఉండిపోతుంది, వెన్న చొక్కా మీద పడుతుంది. ఆఖరున వేలితో తడిమి చిప్ప పెంకులు తీసేయాలి. పంటి కింద ఒక్క పెంకు తగిలిందంటే ఆ కస్టమర్ మళ్లీ రాడు.

గ్రిల్ గ్యాస్‌దైనా, బొగ్గుదైనా మంట నేరుగా తగలాలి. వేడి చాలకపోతే ఆయిస్టర్ తన నీళ్లు తానే వదిలి అందులోనే ఉడుకుతుంది, నిప్పు రుచి పట్టదు. చిప్పలు పెట్టిన తరువాత లోపలి నీరు బుడగలు రావడం మొదలయ్యాక వెన్న పోయాలి. మరీ ముందు పోస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. కొంత వెన్న పొంగి మంట మీద పడుతుంది, మంట ఎగసి పొగ పైకి లేస్తుంది. ఆ పొగే ఈ వంటకానికి ప్రాణం. మితిమీరితే మసి అంటుతుంది. అందుకే గ్రిల్ దగ్గరి మనిషి మంట తక్కువగా ఉన్న మూల ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుని, మంట అందుకున్న చిప్పలను అటు జరుపుతూ ఉంటాడు. తరువాత చీజ్, పార్స్‌లీ. అంచులు ముడుచుకుని, కండ ఉబ్బి, చీజ్ అక్కడక్కడ ఎర్రబడితే దించేయాలి. మొత్తం ఎనిమిది నిమిషాల లోపే. థర్మామీటర్ పెట్టి చూస్తే లోపల 63 డిగ్రీలు ఉండాలి. గడియారం కంటే అంచుల ముడత నమ్మకమైన గుర్తు, ఎందుకంటే సైజులు ఒకేలా ఉండవు. చిన్నవీ పెద్దవీ ఒకే వాయిలో కలిపితే చిన్నవి రబ్బరులా సాగుతాయి. సైజు వేరు చేసే పని విప్పే బల్ల దగ్గరే జరగాలి.

చిప్పలు పేలుతాయి, ఇది తెలియక కళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆయిస్టర్ చిప్ప పొరలు పొరలుగా పెరుగుతుంది. పొరల మధ్య చిక్కిన నీరు ఆవిరై ఒక్కసారిగా పెంకు చిట్లుతుంది. కళ్లద్దాలు, పొడుగు పట్టకారు తప్పనిసరి. కరిగిన వెన్న మంటలో పడుతూనే ఉంటుంది కాబట్టి పైన పొగగొట్టంలో కొవ్వు పేరుకుంటుంది. ఫిల్టర్లు రోజూ కడగని చోట ఏదో ఒక రోజు మంట పైకెక్కుతుంది. ఈ ఐటం పెట్టాలనుకునే హోటల్ ముందుగా ఖర్చు పెట్టాల్సింది గ్రిల్ మీద కాదు, పైన పొగను లాగే హుడ్ మీద.

కెపాసిటీ లెక్క కూడా వేసి చూద్దాం. 90 సెంటీమీటర్లకు 60 ఉన్న గ్రిల్ మీద ఒక్కో చిప్పకు పది సెంటీమీటర్ల చోటు ఇస్తే 54 పడతాయి, అంటే నాలుగున్నర డజన్లు. పెట్టడం, దించడం కలిపి వాయికి పది నిమిషాలనుకుంటే గంటకు 27 డజన్లు కాగితం మీద లెక్క. నిజంగా వచ్చేది ఇరవై. ఇరవై డజన్లంటే 240 ఆయిస్టర్లు. చెయ్యి తిరిగిన మనిషి ఒకటి విప్పడానికి 15-20 సెకన్లు తీసుకున్నా, కడగడం, ఏరడం కలుపుకుంటే గంటకు 150 దాటించడం కష్టం. కాబట్టి ఒక గ్రిల్‌కు ఇద్దరు విప్పేవాళ్లు కావాలి. శనివారం రాత్రి ఆర్డర్లు ఆలస్యమైతే అందరూ గ్రిల్‌వాడిని తిడతారు. నిజానికి పని ఇరుక్కునేది విప్పే బల్ల దగ్గర. విప్పిన సరుకు ముందే పెద్ద మొత్తంలో సిద్ధం చేసుకుంటే నీరు కారిపోయి ఎండుతుంది, ఆ సత్తువ మళ్లీ రాదు.

ప్రతి గోనెకూ ఒక ట్యాగ్ ఉంటుంది: ఏ నీళ్లలో, ఏ రోజు, ఎవరు పట్టారో. ఆ గోనెలో చివరి ఆయిస్టర్ అమ్మిన తేదీ దాని మీద రాసి 90 రోజులు దాచాలి. ఎవరికైనా జబ్బు చేస్తే అధికారులు ముందు అడిగేది అదే. నిల్వ 7 డిగ్రీల లోపు, గాలి ఆడే చోట, ఐసు కరిగిన నీళ్లు కిందికి కారిపోయేలా.

తుఫాను, నూనె, మంచినీళ్లు

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను. నగరంలో 80 శాతం నీట మునిగింది. తరువాతి వారాల్లో డ్రాగోస్ కుటుంబం 77,000కు పైగా భోజనాలు ఉచితంగా వండి పెట్టింది. ఇందులోని దయ నిజమైనది. వ్యాపారం కోణంలోనూ దీన్ని చూడాలి. మూతపడిన హోటల్ సిబ్బంది చెదిరిపోతారు, వంటవాడు హ్యూస్టన్‌లో పని వెతుక్కుంటాడు. పొయ్యి వెలుగుతున్న చోట మనుషులు ఉంటారు. వంటింటి జట్టు కలిసి ఉన్న హోటల్ మళ్లీ లేవడానికి పట్టే కాలం చాలా తక్కువ.

2007లో రెండో హోటల్ నదీతీరంలోని హిల్టన్ రివర్‌సైడ్‌లో తెరిచారు. మెటైరీది ఊరివాళ్ల హోటల్. హిల్టన్‌ది సభలకు, సమావేశాలకు వచ్చేవాళ్ల హోటల్. ఒకే ఐటం చుట్టూ తిరిగే మెనూ కాబట్టి రెండో చోట కూడా అదే రుచి పట్టుకోవడం సాధ్యమైంది. యాభై కూరలున్న హోటల్‌కు రెండో బ్రాంచి పెట్టగానే చెయ్యి మారిపోతుంది. ఇక్కడ నేర్పాల్సింది విప్పడం, మంట చూడటం. జాక్సన్, బాటన్ రూజ్, లఫాయెట్ లాంటి ఊళ్లకు తరువాత వెళ్లగలిగింది కూడా అందుకే.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్‌లో చమురు తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలింది. 11 మంది చనిపోయారు, 87 రోజులు ముడి నూనె కారింది. తీరం మీదికి నూనె రాకుండా తోయడానికి నది మంచినీళ్లను బురద నేలల్లోకి వదిలారు. నడి ఎండాకాలం, సెలైనిటీ పడిపోయింది. నూనె తాకని మడుల్లో కూడా ఆయిస్టర్లు మంచినీళ్లకే చచ్చిపోయాయి. 1876 నుంచి నడుస్తున్న పీ అండ్ జే ఆయిస్టర్ కంపెనీ ఆ జూన్‌లో విప్పే పని ఆపేసింది. 2019లో మిసిసిపి పొంగితే, వరద నీటిని పక్కకు మళ్లించే బానే కారే స్పిల్‌వేను ఒకే ఏడాదిలో రెండుసార్లు తెరిచారు, చరిత్రలో తొలిసారి. మళ్లీ అదే కథ. ఇలాంటి ఏడాది ఒకే బే మీద ఆధారపడ్డ హోటల్‌కు సరుకు ఉండదు. నదికి రెండు పక్కలా తెలిసిన పడవవాళ్లు ఉంటే కొంత దొరుకుతుంది. అప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్నది పడవవాడి ఇష్టం, ముప్పై ఏళ్లు సమయానికి డబ్బు కట్టిన కొనుగోలుదారు అప్పుడు అతనికి గుర్తొస్తాడు.

మెనూ విషయంలో మనకు నేరుగా తగిలేది ఒకటుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి లూసియానాలో హోటళ్లు విదేశీ రొయ్యలు, క్రాఫిష్ వడ్డిస్తే ఆ మాట మెనూలో చెప్పాలని చట్టం. అమెరికాకు వెళ్లే మన రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్ర చెరువులదే కాబట్టి ఆ వాక్యం మెనూలో పడితే అది భీమవరం సరుకు కూడా కావచ్చు. అక్కడ హోటల్ పెట్టే తెలుగువాళ్లు దీన్ని సిగ్గుపడాల్సిన అక్షరాలుగా చూడనక్కర్లేదు. ఏ ఊరి చెరువు, ఏ కౌంట్ (రొయ్య సైజు), ఎప్పుడు పట్టింది అని ధైర్యంగా రాయగలిగితే, డెల్టా పేరు చెప్పి ఆయిస్టర్ అమ్మిన క్రొయేషియన్ల దారే అది.

ఇక మిగిలేది చిప్పలు. రాత్రికి హోటల్ వెనక గుట్ట పడతాయి, చెత్త బండికి భారం. ఆయిస్టర్ పిల్ల ఈదుతూ వచ్చి గట్టి దాని మీదే అతుక్కోవాలి, అన్నింటికంటే దానికి ఇష్టం పాత చిప్పే. హోటళ్లు తీసుకున్న చిప్పలు తిరిగి నీళ్లలోకి వెళ్లకపోతే మడి ఏటేటా పలచబడుతుంది. 2014 నుంచి కోస్టల్ లూసియానా పునరుద్ధరణ కోసం పనిచేసే సంస్థ ఒకటి న్యూ ఓర్లీన్స్ రెస్టారెంట్ల దగ్గర వీటిని సేకరిస్తోంది. ఆరు నెలలు ఎండలో ఆరబెట్టి, సంచుల్లో కట్టి తీరం వెంట గోడల్లా పేరుస్తారు. ఇందులో హోటల్ చేయాల్సిన పని చిన్నదే, కానీ తప్పేది ఎక్కువగా అక్కడే: నిమ్మ ముక్కలు, టిష్యూలు, ప్లాస్టిక్ ఫోర్కులు కలవకుండా చిప్పలకు వేరే డబ్బా పెట్టి, బల్లలు తుడిచే కుర్రాడికి మొదటి రోజే అది చూపించాలి.